పిల్లల చేతికి కుంచం ఇద్దాం

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు బొబ్బిలి యుద్ధం వచ్చు. 1757 జనవరి 24 అని తేదీతో సహా అప్పజెబుతారు. పద్మనాభ యుద్ధం 1794లో జరిగిందనీ చెబుతారు. ఆ కోటలకు పన్ను కట్టిన రైతు గింజలు దేనితో కొలిచేవాడు, అతని ఇల్లాలు ఏం కట్టుకునేది అంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. అది పిల్లల తప్పు కాదు. మనం వాళ్ల చేతికి పుస్తకం ఇచ్చాం గాని వస్తువు ఇవ్వలేదు.

పొందూరు ఖద్దరునే తీసుకోండి. గాంధీగారు మెచ్చిన బట్ట అని పాఠంలో ఒక వాక్యం ఉంటుంది, పరీక్షలో ఒక మార్కు వస్తుంది. అదే పిల్లవాడి చేతిలో వాలుగ చేప దవడ పెట్టి చూడండి. కర్రకు బిగించిన ఎముక, దాని నిండా సూదుల్లాంటి సన్నటి పళ్లు. "ఇదేటి మామ్మా? రంపవా?" అంటాడు. వడికే ముసలమ్మ నవ్వి, గింజతో ఉన్న పత్తిని ఆ పళ్లతో దువ్వి చూపిస్తుంది. చెత్త రాలిపోతుంది, పోగులన్నీ ఒక వరసకు వస్తాయి. ఆ తర్వాత చిన్న చెక్క మీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీయడం, విల్లుతో ఏకడం, ఏకులు నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకోవడం, చివరికి రాట్నం. నూరో నంబరు నూలు అంటే ఎంత సన్నమో వాడి వేళ్లకు తెలుస్తుంది. ఇక వాడి ప్రశ్నలు ఆగవు. ఇంత పనికి కూలెంత? మర ఉండగా చేత్తో ఎందుకు? గాంధీకి ఈ ఊరు ఎలా తెలిసింది? స్వదేశీ ఉద్యమం పాఠం అక్కడ మొదలుపెట్టాలి. ముసలమ్మ కూలీ లెక్క కట్టించకుండా మాత్రం ఆ పాఠం ముగించకూడదు.

కుంచం సంగతీ అంతే. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం వరసగా పేర్చి నీళ్లతో కొలిపిస్తే లెక్కల పాఠం అవుతుంది. కళ్లంలో కంబారికి ఎన్ని కుంచాలు, చాకలికీ మంగలికీ మేర ఎంత అని తాతను అడిగిస్తే అదే ఊరి చరిత్ర అవుతుంది. ఎవరి చేతిలో కుంచం ఉందో, ఎవరు కొంగు పట్టి నిలబడ్డారో పిల్లలకు తెలియాలి. 1960లలో శ్రీకాకుళం ఏజెన్సీ అట్టుడికినప్పుడు దాని వెనకున్న కారణాల్లో సంతలో షావుకారు తూకాల, కొలతల మోసం కూడా ఒకటి. ఆ మాట దాచిపెట్టి కుంచాన్ని అద్దాల పెట్టెలో ముచ్చటగా నిలబెడితే అది చరిత్ర కాదు.

కొన్ని ఇళ్ల అటకల మీద రంగం పెట్టెలు ఇంకా ఉన్నాయి. రంగూన్ రేవులో మూటలు మోసిన మన తాతలు తెచ్చుకున్నవి. 1942లో జపాను దాడికి భయపడి కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. తండ్రి చెన్నైలోనో హైదరాబాదులోనో కూలికి వెళ్లిన పిల్లవాడికి ఆ పెట్టె గురించి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మ్యూజియం అంటే విగ్రహాలే అన్న అలవాటు మనకు గట్టిగా ఉంది. సాలిహుండానికి విహారయాత్ర వెళ్లిన పిల్లలు స్తూపం దగ్గర ఫొటో దిగి బస్సెక్కుతారు. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గుర్తించిన ఆ కొండ మీద తవ్వకాల్లో బుద్ధ విగ్రహాలతో పాటు అక్షరాలు గీసిన కుండ పెంకులూ దొరికాయి. అన్నం తిన్న మట్టిపాత్రే అక్కడ సాక్ష్యం. బ్రిటిష్ మ్యూజియం, బీబీసీ కలిసి 2010లో నూరు వస్తువులతో ప్రపంచ చరిత్ర చెప్పినప్పుడు నూరో వస్తువుగా ఎంచుకున్నది సౌరశక్తి దీపాన్ని. కిరీటాన్ని కాదు.

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మనకు పొందూరు ఉంది, బుడితి ఇత్తడి ఉంది, పనసకర్రతో వీణలు చెక్కే బొబ్బిలి గొల్లపల్లి ఉంది. బడిలో ఒక గది, ఒక బీరువా, తలుపు తీసి వస్తువును పిల్లల చేతికిచ్చే ఒక మాస్టారు చాలు. పగిలితే పగలనీయండి. తాకనివ్వని వస్తువు పిల్లలకు ఏమీ నేర్పదు.

పాఠకులకు మా విన్నపం ఒకటే. ఏటా భోగి మంటల్లో పాత నాగళ్లూ రాట్నాలూ కాలిపోతున్నాయి, ఇత్తడి సామాన్లు తూకానికి పోతున్నాయి. వచ్చే భోగికి ముందే అటకలు దించండి. దొరికిన వస్తువు ఎవరిదో, ఏ ఊరిదో, దాంతో ఏ పని చేసేవారో చీటీ రాసి కట్టండి. దాన్ని వాడిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకుని మీ ఊరి బడికి వెళ్లండి.