చేపవీర్యమును దాచు డబ్బా – తల్లిచేప మాట

గోపాలమిత్ర తెచ్చు నత్రజని డబ్బాను ఎరుగని రైతు మన సంఘములో నుండడు. మూత తీయగానే తెల్లని పొగ లేచును. ఆ పొగలోనుండి సన్నని గొట్టము నొకదానిని పైకి తీయును. అందలి వీర్యమునకు కారణమైన ఆబోతు చచ్చి పదియేండ్లు గడచినను మన కొట్టములో దానికి దూడ పుట్టును. చేపలకును ఇట్టి డబ్బా కలదని చెప్పినచో కొందరు సభ్యులు నవ్వుచున్నారు. నవ్వక వినవలసిన విషయమని నా అభిప్రాయము.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. గ్లిజరిను కలిపినచో కోడిపుంజు వీర్యము గడ్డకట్టియు చావదని 1949లో ఇంగ్లండున పోల్జ్, స్మిత్, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1953లో బ్లాక్‌స్టర్ అను నాతడు హెర్రింగ్ అను సముద్రపు చేపలపై దీనిని ప్రయోగించెను. వాటిలో ఒక తెగ వసంతమునను, మరియొక తెగ శరత్తునను గ్రుడ్లు పెట్టును గాన అవి కలియుట కష్టము. ఆతడు ఒక తెగ వీర్యమును చలిలో దాచియుంచి రెండవ తెగ గ్రుడ్లకు కలిపెను. పిమ్మట సాల్మను చేపల వంతు వచ్చినది. మన గోదావరి పులసవలె సముద్రమునుండి ఏటి కెదురీదివచ్చి గ్రుడ్లు పెట్టు చేప యిది. ఆమ్లవర్షములచేతను, ఒక పరాన్నజీవి చేతను నదులు పాడగుట చూచి నార్వే దేశస్థులు 1986లో తమ నదుల సాల్మను వీర్యమును భద్రపరచుటకు పూనుకొనిరి. అమెరికాలోని నెజ్ పెర్స్ అను ఆదిమజాతివారు, ఆనకట్టలవలన స్నేక్ నదిలో సాల్మను తగ్గిపోవుచుండగా, 1992లో అదే పని చేపట్టిరి.

మన చెరువులలో సాల్మను లేదు గదా, దీనితో మన కేమి పని యందురా? 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురిగారు గ్రంథిరసము ఎక్కించి చేపలను గుంటలోనే ఈనునట్లు చేసిరి. అంతకుముందు బొచ్చె, రోహు పిల్లలు కావలెనన్న వరదకాలమున నదిలో వల పట్టవలసినదే. ఆ పిల్లలకు తలిదండ్రులు లెక్కలేనన్ని. నేడు హేచరీలు నదితో పనిలేకయే కోట్లకొలది పిల్లల నిచ్చుచున్నవి. దీనివలన దేశమునకు కలిగిన లాభమును కాదనువాడు లేడు. కాని కొన్ని హేచరీలలో ఆ కొద్ది తల్లిచేపల సంతతినే మరల మరల కలుపుచు, అన్నకు చెల్లెలినిచ్చు పెండ్లిండ్లు జరుపుచున్నారు. కర్ణాటకములోని కొన్ని హేచరీలలో ఈ రక్తసాంకర్యము ఏటికి నూటికి 2 మొదలు 17 వంతుల వరకు పెరుగుచున్నదని 1990లో పరిశోధకులు లెక్కగట్టిరి. పిల్లలు చచ్చుట, ఎదుగుదల తగ్గుట దాని ఫలితములు. మనవారు మేత మీదను, నీటి మీదను నింద వేయుదురు.

దీనికి మందు నదిలోని కొత్తరక్తమే. భువనేశ్వరములో 1992లో నార్వేవారి సాయముతో మొదలిడి 1997లో విడుదల చేసిన జయంతి రోహు అట్టిదే: గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర చేపలను కలిపి ఎన్నిక చేసిన తెగ యది. నదిచేపను ప్రాణముతో ప్రతియేట తెచ్చుట కష్టము. వీర్యమును డబ్బాలో తెచ్చుట తేలిక. 1983లో స్థాపితమై నేడు లక్నోలో నున్న జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థవారు మన పెంపుడు చేపల వీర్యమును దాచు పద్ధతులను సిద్ధపరచియున్నారు.

పని చిన్నదే, జాగ్రత్త మాత్రము పెద్దది. మగచేప పొట్టను పొడిగుడ్డతో తుడిచి, మెల్లగ నొక్కి, పాలవంటి వీర్యమును పట్టవలెను. నీటిబొట్టు తగులరాదు. నీరు తాకినంతనే బీజములు మేల్కొని ఈదులాడి, ఒక నిమిషమైనను గడువకమునుపే సోలిపోవును. తగిన లవణద్రావకమును, గడ్డకట్టునపుడు బీజమును కాపాడు మందును కలిపి, గొట్టములలో నింపి, నత్రజని ఆవిరిలో చల్లార్చి, సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవములో ముంచుదురు. కావలసినపుడు గోరువెచ్చని నీటిలో గొట్టమును కరగించి గ్రుడ్లకు కలిపి, ఆ తరువాతనే నీరు పోయుదురు.

ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే దాగునది తండ్రి మాత్రమే. చందానగరునుండి పటాన్‌చెరు బాటను పోయినచో 1972లో వెలసిన ఇక్రిశాట్ కనబడును. అచ్చట జొన్న, సజ్జ, శనగ, కంది మున్నగువాని విత్తన నమూనాలు లక్షకు పైబడి చలిగదులలో నున్నవి. విత్తనములో తల్లియు తండ్రియు నిద్రించుచుందురు. తీసి నాటిన మొలచును. చేపగ్రుడ్డు అట్లు కాదు. నీటితోను సొనతోను నిండిన ఆ పెద్దగ్రుడ్డును గడ్డకట్టించి బ్రదికించు ఉపాయము ఇంకను చేతికి రాలేదు. ఒక తెగ తల్లులన్నియు నశించిన పిమ్మట దాని వీర్యమును వేరు తెగ గ్రుడ్లకు కలిపితిమా, పిల్లలలో పాత రక్తము సగము. మరల కలిపిన ముప్పాతిక. మూడవమారు పాతలెక్కలో రూపాయికి పదునాలుగణాలు. తరమునకు రెండు మూడేండ్లు పట్టును. ఎన్ని తరములైనను తల్లివైపునుండి మాత్రమే దిగివచ్చు అంశము తిరిగి రాదు.

చందానగరులోనే గంగారం చెరువున్నది. చుట్టును మేడలు లేచినవి. 2007లో ఈ శేరిలింగంపల్లి ప్రాంతమంతయు మహానగరములో కలిసినది. ఇట్టి చెరువులలో మురుగు చేరుచుండగా, చేపజాతి డబ్బాలో భద్రముగ నున్నదిగదా యని అధికారులును మనమును ఊరకుండు భయము నాకు కలదు. డబ్బాకు కన్నులు లేవు. ఊరూర జెర్సీ వీర్యమును మోసికొనిపోయి నాటుపశువును వెనుకకు నెట్టుటలో పాలుపంచుకొన్నదియు ఆ డబ్బాయే. ఎవరి వీర్యమును దాచవలెనో మనము అడుగనిచో, అమ్మకమునకు అనువైన నాలుగు తెగలను మాత్రమే దాచి, 2016లో తెలంగాణ రాష్ట్రచేపగా ప్రకటించిన కొరమీనును, ఊరివాగులలోని చిల్లరచేపలను మరచుట సులభము.

కావున ఈ సంవత్సరము పిల్లలను కొనునపుడు, వేయికి ఎంత యని అడుగుటకు ముందు, తల్లిచేపలు ఏ నదివి, ఎన్ని జతలు, ఎన్నడు మార్చితిరి అని కార్యదర్శి అడుగవలెను. సమాధానము చెప్పలేని హేచరీకి రెండు రూపాయలు తక్కువైనను ఆర్డరు ఇయ్యరాదు. సంఘమునకు కౌలున్న చెరువులలో ఒక్కదానినైనను నాటుచేపలకు విడిచి, ఈనుకాలమున వల వేయకుండుట మన చేతిలోని పని. తొలకరితో ఈనుకాలము మొదలగును. మగచేప వీర్యము దొరకునది ఆ కొలదినెలలే. కృష్ణా గోదావరుల చేపల వీర్యమును ముందుగ దాచవలెనని కోరు అర్జీ, వైశాఖము వెళ్ళకమునుపే, హైదరాబాదులో చేప ఆకారపు మేడలోనున్న జాతీయ మత్స్యాభివృద్ధి సంస్థకు చేరవలెను. వ్రాతప్రతి సిద్ధముగ నున్నది. రాబోవు సర్వసభ్య సమావేశమున చేవ్రాళ్ళకు ఉంచబడును.