క్రోషే సూది మగపిల్లలకు పనికిరాదా?



మా డోన్ జంక్షనులో రైలు కోసం కాచుకోవడం అలవాటైన వారికి ఒక సంగతి తెలుసు. కర్నూలు వైపు పోయేవారూ, గుంతకల్లు వైపు పోయేవారూ, నంద్యాల వైపు పోయేవారూ అక్కడే కలుస్తారు. బండి ఆలస్యమైతే పక్కవారితో మాటలు కలపడం తప్ప మరో పని ఉండదు. ఆ మధ్య ఒకరోజు నా పక్క బెంచీ మీద ఒకావిడ కూర్చుని, పసుపుపచ్చ ఊలుతో చిన్న కోడిపిల్ల బొమ్మ అల్లుతూ ఉంది. తొమ్మిదో తరగతి చదివే ఆమె కొడుకు రెప్ప వేయకుండా ఆ సూది కదలికనే చూస్తున్నాడు.

"నువ్వు కూడా నేర్చుకోరాదా, అబ్బాయ్?" అన్నాను.

"అది ఆడోళ్ల పని కదా, సార్" అని వాడు సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు.

"వానికి లెక్కలంటే ఇష్టం సార్. ఈ పని వానికెందుకు?" అంది తల్లి.

తల్లి మాటా, కొడుకు మాటా రెండూ పొరపాటేనని నా అభిప్రాయం. లెక్కలంటే ఇష్టపడే పిల్లవాడి చేతికే ముందుగా ఆ సూది ఇవ్వాలి. ఎందుకో చెబుతాను. నా మాట నమ్మనక్కర లేదు, మీరే అల్లి చూడండి.

ముందుగా పనిముట్ల సంగతి. కొన దగ్గర చిన్న కొక్కెం ఉన్న సూది ఒకటి, ఊలు ఉండ ఒకటి ఉంటే చాలు. మధ్యరకం లావున్న దారానికి 3 లేక 4 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. బొమ్మలకు కాస్త సన్న సూదే మంచిది. కుట్లు బిగువుగా పడి లోపలి దూది బయటికి కనపడదు. అన్నట్టు, దుకాణాల్లో మనం "ఊలు" అని కొనేదంతా గొర్రె బొచ్చు కాదు. అందులో చాలా భాగం పెట్రోలియం నుంచి తయారైన అక్రిలిక్ దారమే. ఒక పోగు తెంపి పెద్దల ఎదుట వెలిగిస్తే తేడా తెలుస్తుంది. గొర్రె ఊలు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది.

ఇక పని. దారానికి ఒక ఉచ్చు వేసి, అందులో సూది దూర్చి, దారాన్ని లాగితే ఇంకొక ఉచ్చు వస్తుంది. అదే గొలుసు కుట్టు. ఇలాంటివి రెండు వేయండి. మొదటి గొలుసు కుట్టులోకి సూది దించి దారాన్ని పైకి లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్లీ దారం పట్టి ఆ రెండింటిలోంచీ లాగేయండి. ఒక పొట్టి కుట్టు పూర్తయింది. అదే చోట ఇలాంటి కుట్లు ఆరు వేయండి. ఇదే మొదటి వరస. రెండో వరసలో ఒక్కొక్క కుట్టులో రెండేసి వేస్తే 12 అవుతాయి. మూడో వరసలో ఒకదానిలో ఒకటి, పక్కదానిలో రెండు చొప్పున వేస్తే 18. నాలుగో వరసలో రెండింటిలో ఒక్కొక్కటి, మూడోదానిలో రెండు వేస్తే 24. ఎక్కడ మొదలుపెట్టారో మరిచిపోకుండా అక్కడ వేరే రంగు దారం ముక్క ఒకటి తగిలించండి.

ఇప్పుడు చేతిలో ఉన్నదాన్ని బల్ల మీద పెట్టండి. చక్కని బిళ్లలా పరుచుకుని ఉంటుంది. 6, 12, 18, 24. ప్రతి వరసకూ ఆరు పెరిగాయి. అల్లే వారంతా ఈ లెక్క పాటిస్తారు. కానీ ఆరే ఎందుకు? నాలుగు ఎందుకు కాకూడదు? తొమ్మిది ఎందుకు కాకూడదు?

మీరు ఎనిమిదో తరగతి దాటారు కనుక జవాబు మీకే తెలుసు. వృత్తం చుట్టుకొలత అంటే వ్యాసార్థానికి రెండు పై రెట్లు. ఒక వరస అల్లితే వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. పొట్టి కుట్టుకు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. దాన్ని ఒక ప్రమాణం అనుకుంటే చుట్టుకొలత 6.28 ప్రమాణాలు పెరగాలి. 0.28 కుట్టు వేయడం కుదరదు కాబట్టి ఆరు వేస్తాం. మిగిలిన కొరతను దారానికున్న సాగుడు గుణం సర్దుకుంటుంది. కోడిపిల్ల బొమ్మలో పై దాక్కుని ఉందన్న మాట!

ఈ సిద్ధాంతం నిజమేనా అని పరీక్షించాలి కదా? సైన్సు అంటే అదే. పొట్టి కుట్టుకు దాదాపు రెండింతలు ఎత్తుండే పొడుగు కుట్టు ఒకటుంది. దానితో అల్లితే వరసకు ఎన్ని పెరగాలి? 6.28ని రెండుతో గుణించండి. 12.56. లేసు అల్లే వారిని అడిగి చూడండి. పొడుగు కుట్లతో గుండ్రటి బిళ్ల అల్లేటప్పుడు సాధారణంగా పన్నెండుతో మొదలుపెట్టి, వరసకు పన్నెండు చొప్పున పెంచుతారు. సూత్రం తెలియకపోయినా వారి చేతులకు ఫలితం తెలుసు.

ఇప్పుడు తప్పు కావాలనే చేద్దాం. ఆరుకు బదులు మూడేసి పెంచండి. బిళ్ల ముడుచుకుని గిన్నెలా అవుతుంది. అలా కాక ప్రతి వరసలో కుట్లను రెట్టింపు చేస్తూ పోండి. 6, 12, 24, 48, 96. అంచు పట్టే చోటు చాలక మడతలు పడి కోడిజుట్టు పువ్వులా ముడతలు తేలుతుంది. ఇలా మడతలు పడే తలాన్ని గణితజ్ఞులు అతిపరావలయ తలం అంటారు. యూక్లిడ్ చెప్పినది కాక వేరే జ్యామితి కూడా సాధ్యమేనని బోల్యాయ్, లొబచేవ్‌స్కీ అనే ఇద్దరు 19వ శతాబ్దం మొదటి భాగంలో చూపారు. ఆ తలాన్ని చేత్తో పట్టుకుని చూడాలంటే ఎలా? కాగితం నమూనాలు ఇట్టే చిరిగిపోయేవి. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డైనా తైమినా అనే గణితజ్ఞురాలు క్రోషే సూదితో దాన్ని అల్లి చూపింది. విశ్వవిద్యాలయం తరగతిలో పనికివచ్చిన సూది మన పాఠశాలలో పనికిరాదా?

మళ్లీ మన బొమ్మ దగ్గరికి వద్దాం. బిళ్లను బంతిగా మార్చాలి. పెంచడం ఆపి, ఉన్న 24 కుట్లనే ఇంకా ఐదు వరసలు అల్లండి. తర్వాత రెండు కుట్లను ఒకటిగా కలుపుతూ 18కి, 12కి, 6కి తగ్గించండి. మొత్తం 12 వరసలు. పన్నెండే ఎందుకు? గ్లోబును తలచుకోండి. భూమధ్యరేఖ మొత్తం పొడవులో సగమే ధ్రువం నుంచి ధ్రువానికి ఉన్న దూరం. మన బంతి భూమధ్యరేఖ 24 కుట్లు, కాబట్టి ధ్రువం నుంచి ధ్రువానికి 12 వరసలు. వరసలు ఎక్కువైతే కోడిగుడ్డు అవుతుంది, తక్కువైతే గుమ్మడికాయ అవుతుంది.

నోరు మూసుకుపోక ముందే లోపల దూది కూరాలి. నంద్యాల ప్రాంతం పత్తికి పేరున్నది. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి "నరసింహ" వంటి పత్తి రకాలు వచ్చాయి. పత్తి దూది మెత్తన, కానీ నీరు పీల్చుకుని ఉండకడుతుంది. బూరుగు దూది పోగు లోపల బోలుగా, పైన మైనపు పూతతో ఉంటుంది కనుక సులభంగా తడవదు. ఒకప్పుడు నీళ్లలో తేలే రక్షణ కోటుల్లో దాన్నే కూరేవారు. కోడిపిల్ల కళ్లకు గుండీలు, పూసలు పెట్టకండి. పసిపిల్లలు పీకి మింగే ప్రమాదం ఉంది. నల్లదారంతో కుట్టండి, చాలు.

మొదటిసారి తప్పులు వస్తాయి. రానివ్వండి. ఆళ్లగడ్డ శిల్పుల పని చూసిన వారికి తెలుసు, ఉలి దెబ్బ ఒకటి పక్కకు పోతే ఊడిన రాయి మళ్లీ అతకదు. క్రోషేలో అలా కాదు. ఏ క్షణంలోనైనా విప్పుకునే ఉచ్చు ఒక్కటే ఉంటుంది. సూది తీసి దారం లాగితే తప్పు జరిగిన చోటి దాకా విడిపోతుంది. దారం దారంగానే మిగులుతుంది. మార్కులు పోకుండా తప్పు చేసి దిద్దుకునే అవకాశం మీకు మరెక్కడ దొరుకుతుంది?

"ఇదంతా సరే సార్, బజారులో బొమ్మ చవకగానే దొరుకుతుంది కదా" అంటారా? ఒక చిన్న లెక్క వేయండి. మన బంతిలో కుట్లెన్ని? మొదటి మూడు వరసల్లో 36, ఇరవైనాలుగు చొప్పున ఆరు వరసల్లో 144, చివరి మూడింటిలో 36. మొత్తం 216. కొత్తవారికి కుట్టుకు అర నిమిషం పట్టినా 108 నిమిషాలు. ఇంకా తల ఉంది, రెక్కలున్నాయి, ముక్కుంది. ఊలు బట్టలు అల్లే యంత్రాన్ని విలియం లీ 1589లోనే ఇంగ్లండులో కనిపెట్టాడు. కానీ అసలైన క్రోషే అల్లే యంత్రం ఈనాటికీ కార్ఖానాల్లో వాడుకలోకి రాలేదు. పరిశోధనలు మాత్రం సాగుతున్నాయి. కాబట్టి చవకగా దొరికే ప్రతి క్రోషే బొమ్మ వెనుకా ఎవరివో చేతులున్నాయి. ఆ చేతులకు ఎంత ముట్టింది?

ఈ ప్రశ్న మన రాష్ట్రంలోనే పుట్టింది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాల్లో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే లేసు పల్లెపల్లెకూ పాకి, విదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె తేల్చిన విషయం ఏమిటంటే, వారు గంటల తరబడి అల్లుతున్నా లోకం వారిని కార్మికులుగా గుర్తించలేదు. "ఇంట్లో ఊరికే కూర్చుని తీరికవేళ చేసుకునే పని" అన్నారు. అలా అన్నందువల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ పేరుకు దక్కిన గౌరవం చేతులకూ దక్కాలి.

స్టేషనులో ఆ పిల్లవాడు అన్న మాట నన్ను బాధించింది ఇందుకే. "ఆడోళ్ల పని" అన్న మాటలో "తేలిక పని" అనే అర్థం దాగి ఉంది. తేలిక పని అన్నాక తేలిక కూలే. మన పల్లెల్లో ఎద్దు మూతికి కట్టే చిక్కం అల్లింది ఎవరు? మగవారే. నులక మంచం అల్లింది, చేపల వల అల్లింది ఎవరు? వారిలో మగవారు ఎందరో. అప్పుడు ఎవరూ సిగ్గుపడలేదు. దారం సన్నబడితే సిగ్గు ఎందుకు రావాలి?

అతిశయోక్తి చెప్పను. బొమ్మ అల్లినంత మాత్రాన అందరూ గణితజ్ఞులు కారు. పుస్తకం చదవడానికి బదులు ఇది చాలదు. కానీ చేతికి తెలిసినది తలకు త్వరగా ఎక్కుతుందని నా నమ్మకం. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు అన్నారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘం కూడా సమాజానికి పనికివచ్చే ఉత్పాదక పనికి పాఠశాలలో చోటివ్వాలంది. అయితే నేను చదువుకున్న బడిలో టైంటేబిల్లు మీద చేతిపని పీరియడు ఉండేది, జరిగేది మాత్రం పరీక్షలకు తయారీయే. మీ బడిలో ఎలా ఉందో మీరే చూసుకోండి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆ పీరియడును చేతిపనికే వదిలిపెట్టమని మీ ఉపాధ్యాయులను అడగండి. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి కూర్చోండి. నేర్పడానికి మీ ఊళ్లో అల్లిక తెలిసిన అమ్మనో అత్తనో అవ్వనో పిలవండి. ఆమెను గురువుగా కుర్చీలో కూర్చోబెట్టండి. లెక్కల మాష్టారు పక్కనే నిలబడి పై సంగతి చెబుతారు.

ఆ రోజు బండి వచ్చేసింది. ఆవిడ బొమ్మను సంచిలో వేసుకుంది. పిల్లవాడు మెట్టు ఎక్కుతూ, "వరసకు ఎన్ని పెంచుతావమ్మా?" అని అడగడం నా చెవిన పడింది. ఆమె ఏం చెప్పిందో రైలు కూతలో వినపడలేదు. మీకు మాత్రం జవాబు తెలుసు.