మంటే మందా?

శుక్రవారం జుమాకు ముందు గడ్డం అంచులు దిద్దించుకుని వచ్చే మన కుర్రాళ్ల చెంపలు ఎర్రగా కందిపోయి ఉండడం చూస్తూనే ఉన్నాం. అది చవక ఆఫ్టర్‌షేవ్ లోషన్ చేసే పని. మండితేనే క్రిములు చస్తాయన్న నమ్మకం ఇళ్లలోనూ, సెలూన్లలోనూ పాతుకుపోయింది. నిజానికి ఆ మంట ఆల్కహాలుది. అది ఆవిరైపోతూ చర్మం మీది సహజమైన జిడ్డునూ, తేమనూ తీసుకుపోతుంది.

ఖరీదైన సీసా కొనమని మేము చెప్పం. మందుల షాపులో దొరికే గ్లిజరిన్ ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, 100 మిల్లీలీటర్ల లోషన్‌లో పోసి బాగా కుదిపితే చాలు. అది తేమను పట్టి ఉంచుతుంది. ఎక్కువైతే ముఖం జిగటగా ఉంటుంది. కొబ్బరినూనె పోయకండి, కలవదు. అప్పటికీ మండితే అరచేతిలోనే కాస్త పన్నీరు చేర్చుకోండి. తెగినచోట అసలు రాయవద్దు. లోషన్ ఇట్టే అంటుకునే సరుకు గనుక పొయ్యికి దూరంగా కలపండి.

ఆల్కహాలు పైపూతగా వాడవచ్చా అన్నదానిపై ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. వద్దనుకునేవారికి చన్నీళ్లు, పటిక ముక్క ఉండనే ఉన్నాయి (పటికా కాస్త చురుక్కుమంటుందనుకోండి). అత్తరును మాత్రం అప్పుడే గీసిన చెంపకు కాక బట్టలకు రాసుకోండి.