పింఛనుకున్న పరీక్ష చదువుకు ఏది?

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్ల తనిఖీ మొదలుపెట్టింది. వైకల్య శాతం తెలిపే సదరం సర్టిఫికెట్ చేతపట్టుకుని ఎందరో మళ్లీ డాక్టర్ల ముందు నిలబడ్డారు. వైకల్యం 40 శాతానికి పైనా, కిందా? తగువంతా అక్కడే. బడికెళ్లే దివ్యాంగ పిల్లల విషయంలో మాత్రం ఇంత పట్టుదల కనిపించదు.

పిల్లలు పెరుగుతారు. రెండో తరగతిలో కాలికిచ్చిన క్యాలిపర్ ఐదో తరగతికి పట్టదు. చూపు తగ్గుతూ వస్తే పెద్దక్షరాల పుస్తకం చాలక బ్రెయిలీ నేర్పాల్సి రావచ్చు. స్పీచ్ థెరపీతో మాట కుదిరిన పిల్లవాడికి ఇక లెక్కల్లో సాయం కావాలేమో. సమగ్ర శిక్ష పథకంలో ఒక్కో దివ్యాంగ బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల లెక్క ఉంది. అవసరం మారిందో లేదో చూడకపోతే ఆ డబ్బు పాత అవసరానికే పోతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఐదేళ్లకోసారి బడిపిల్లల సర్వే జరిపి దివ్యాంగ పిల్లలకేం కావాలో తెలుసుకోమంది. ఐదేళ్లలో ఒకటో తరగతి బిడ్డ ఆరులో ఉంటాడు! అమెరికాలో, తల్లిదండ్రులూ బడీ కలిసి అక్కర్లేదనుకుంటే తప్ప, మూడేళ్లకోసారైనా ఇలాంటి బిడ్డ అవసరాలను తిరిగి పరీక్షించాల్సిందే.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇంకో చిక్కుంది. మిరప కోతల కాలంలో ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడికి సుగ్గికి, అంటే కూలి వలసకు, వస్తాయి. అక్కడ దివ్యాంగ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో ఒక బిడ్డ గురించి రాసుకున్నది ప్రత్తిపాడు బడికి చేరకపోతే ఇక్కడి టీచరు మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఆ బిడ్డను అర్థం చేసుకునేలోపే కోతలైపోతాయి.

మనుషుల కొరత నిజమే. ప్రైమరీలో పదిమందికి, ఆపైన 15 మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. 2025లో రాష్ట్రం 2,260 ప్రత్యేక టీచరు పోస్టులు మంజూరు చేసింది. ఆ టీచర్ల పనిలో మొదటిది ఏటా ఒక్కో బిడ్డ అవసరాలను తిరిగి పరీక్షించడమే కావాలి.

మళ్లీ పరీక్ష అంటే తల్లిదండ్రులు జంకుతారు, పింఛను పోతుందేమోనని. అందుకే బడిలో చేసే పరీక్షకూ సదరం శాతానికీ సంబంధం లేదని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. పత్తి తీతలు మొదలుకాకముందే, జూన్, జూలైల్లో, కూలి పోకుండా సాయంత్రం పూట తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడాలి. సుగ్గికి వెళ్లే కుటుంబానికి పరీక్షలో తేలింది రాసిన కాగితం నకలు చేతికివ్వాలి. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ సాయమూ ఆపకూడదు.