ఢిల్లీ లేఖ: న్యాయస్థానం గడప ఎంత ఎత్తు?

న్యాయశాఖపై పార్లమెంటులో చర్చ వచ్చినప్పుడల్లా పెండింగు కేసుల లెక్కలు వినడం ప్రెస్ గ్యాలరీలోని మాకు అలవాటే. ఆ లెక్కలకు అందనివాడు ఒకడున్నాడు: అసలు కోర్టు గడపే తొక్కలేకపోయిన పౌరుడు. ఏ దేశపు పాలననైనా అతనిని బట్టి తూచాలని నా అభిప్రాయం.

శ్రీలంకను చూడండి. ప్రభుత్వ యంత్రాంగం ప్రాథమిక హక్కును కాలరాస్తే, 1978 రాజ్యాంగం 126వ అధికరణం ప్రకారం బాధితుడు నెలలోగా సుప్రీంకోర్టునే ఆశ్రయించాలి. రెండు నెలల్లో తీర్పు చెప్పాలని అదే అధికరణం కోర్టునూ ఆదేశిస్తున్నది. కాని పౌరునికి పెట్టిన గడువు సాధారణంగా శిలాశాసనం. కోర్టుకు పెట్టినది మార్గదర్శకం మాత్రమేనని న్యాయమూర్తుల వ్యాఖ్యానం. లాకప్పులో దెబ్బలు తిన్న జాఫ్నావాసికి ఆ నెల ఆస్పత్రిలోనే గడిచిపోవచ్చు.

నేపాల్ వేరే దారి తొక్కింది. 2015 రాజ్యాంగం 753 స్థానిక సంస్థలలోనూ ముగ్గురు సభ్యుల న్యాయ సమితిని నెలకొల్పింది. పొలంగట్టు తగాదా, కాలువ నీళ్లు, ఎగవేసిన కూలి వంటి వ్యవహారాలు అక్కడే తేలవచ్చు. గడప దగ్గరయింది, అయితే సమితికి నాయకత్వం వహించేది ఎన్నికల్లో గెలిచిన ఉపమేయరో, ఉపాధ్యక్షుడో. ఓటు వేయనివాడికి అక్కడ నమ్మకం కుదరడం కష్టమే.

మన సంగతి? 1979లో హుస్సేనారా ఖాటూన్ కేసులో, రుజువైతే పడే శిక్షకు మించి బీహారు జైళ్లలో మగ్గినవారికి విముక్తి లభించింది. వారంతట వారు కోర్టుకు రాలేదు. పత్రికా కథనాలు చదివి న్యాయవాది కపిలా హింగోరాణీ వచ్చారు. అయినా 2022 చివరినాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ఈ సమస్యను కొంత గ్రహించింది. మరణశిక్షకో, యావజ్జీవానికో దారితీసే నేరాలు మినహా, మునుపు శిక్షపడనివారు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం గడిపితే బెయిలుపై విడుదల చేయాలి. అందుకు కోర్టుకు దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఒకటికి మించి కేసులున్నవారికి మాత్రం ఈ సదుపాయం లేదు. పేదలపై కేసు వెనుక కేసు పెట్టడం ఎంత తేలికో పోలీసు స్టేషన్లు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

గడప ఎత్తు తగ్గించడం ఒక పద్ధతి. నడవలేనివాని చేయిపట్టి దాటించడం మరొకటి. చేయి పట్టవలసిన అధికారి ఆ పని చేశాడా లేదా అన్నది నిలదీయవలసినవారు ప్రజాప్రతినిధులు. పెండింగు కేసుల లెక్క అడిగే సభ్యులు ఈ లెక్క కూడా అడుగుదురుగాక.