సంఘోద్యోగుల పనికి గుఱి యెట్లుండవలయును?

ప్రతి సంవత్సరమును మన సహకార సంఘముల మహాసభలలో పెక్కు తీర్మానములు జరుగుచున్నవి. సంఘమును వృద్ధి చేయవలయు ననియు, బాకీల వసూలునకు గట్టిగా కృషి సలుపవలయు ననియు సభ్యు లేకగ్రీవముగా నామోదింతురు. సభ ముగియును. మఱునాడు కార్యదర్శి గాని, గుమాస్తా గాని, గిడ్డంగి చూచువాడు గాని నిన్నటికంటె భిన్నముగా తాను చేయవలసిన దేమో యెఱుగడు. ఏ పని, ఎంత, ఎవరు, ఎప్పటిలోగా అను నాలుగును లేని తీర్మానము విత్తనము చల్లని దుక్కి వంటిదని మా యభిప్రాయము.

సహకారోద్యమమునకు దారి చూపినవారు ఈ సంగతి నెఱిగియుండిరి. ఇంగ్లండు దేశమున రాచ్‌డేల్ పట్టణములో 1844లో 28 మంది శ్రామికులు సంఘముగా నేర్పడిరి. ఇండ్లు కట్టించుట, భూమి సంపాదించి సేద్యము చేయించుట మొదలగు గొప్ప యాశయములు వారి నిబంధనలలో గలవు. అయినను వారు మొదట చేపట్టినది దుకాణ మొక్కటియే. వారమునకు రెండేసి పెన్నీలు కూడబెట్టి, తలకొక పౌను చొప్పున మూలధనము సమకూర్చుకొని, ఆ యేడు డిసెంబరు 21వ తేదీన పిండి, వెన్న, పంచదార మొదలగు కొలది సరకులతో దుకాణము తెఱచిరి. ఆశయము పెద్దది, గుఱి మాత్రము చిన్నది, లెక్కకు వచ్చునది.

మన సంఘములలోను ఇట్లే చేయవచ్చును. “ఎరువులు సకాలమున నందజేయవలయును” అనుట ఆశయము. మే 15వ తేదీలోగా గుమాస్తా ప్రతి సభ్యునికి కావలసిన బస్తాల లెక్క వ్రాసికొనుట, 20వ తేదీలోగా కార్యదర్శి కోరికపత్రము పంపుట గుఱి. సరకు వచ్చుట పూర్తిగా కార్యదర్శి చేతిలో లేదు. ఆలస్యమైనచో ఆ వార్తను సభ్యులకు వెంటనే తెలుపుట అతని చేతిలో నున్నది. ఎవని చేతిలో నున్న పనిని వానికే గుఱిగా నీయవలయును. అదియు వానితో నాలోచించియే నిర్ణయింపవలయును. ఒకేమాఱు పది గుఱులు పెట్టినచో ఒక్కటియు సాగదు. రెండు మూడు చాలును.

ఇచ్చట నొక గొప్ప యపాయము గలదు. నూటికి 90 వంతులు వసూలు కావలయునని మాత్రమే గుఱి పెట్టినచో, కొన్ని సంఘములలో నేమి జరుగుచున్నదో రైతు లెఱుగనిది కాదు. 50,000 రూపాయల యప్పు వడ్డీతో 53,500 అయిన దనుకొందము. రైతు రెండు దినములకు షావుకారు వద్ద ఆ సొమ్ము బదులు తెచ్చి కట్టును. వెంటనే సంఘము క్రొత్త యప్పు వ్రాసి యిచ్చును. అది షావుకారు చేతికి పోవును. ఒక్కొక్కచోట సొమ్ము చేతులు మాఱకయే పుస్తకములలో సర్దుబాటు జరుగును. కాగితముపై వసూలు సంపూర్ణము. రైతు ఋణము మాత్రము పెరిగినది, షావుకారు వడ్డీ అదనము!

లెక్కలు పెట్టుటయే తప్పని కొంద ఱందురు. మే మట్లు తలపము. లెక్కించుట తప్పు గాదు, లెక్కింపదగనిదానిని లెక్కించుట తప్పు. వసూలు శాతము ప్రక్కనే, పంట యమ్మి సభ్యులు కట్టిన రొక్క మెంత, ఎన్ని యప్పులు తిరుగవ్రాయబడినవి, ఏ బాకీ ఎన్ని యేండ్లుగా నిలిచియున్నది అను లెక్కలును ఉండవలయును. అప్పుడు కపటమునకు తావుండదు. ప్రాథమిక సంఘముల కంప్యూటరీకరణ పథకమును కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదించినది. యంత్రము వచ్చినచోట నెలనెలా ఈ లెక్కలు తీయుట కష్టము గాదు. యంత్రము లేనిచోట నల్లబల్లయు సుద్దముక్కయు చాలును.

గుఱి తప్పినప్పుడు మొదట కారణము విచారింపవలయును, పిమ్మటనే దోషము నెంచవలయును. మఱియు గుఱి ఉద్యోగులకు మాత్రమే కాదు. నెలకొక దినము నియమించుకొని కూడుట, నగదును గిడ్డంగి నిల్వలను స్వయముగా సరిచూచుట పాలకవర్గము తనకు తాను పెట్టుకొనవలసిన గుఱి. తాము చేయనిది ఇతరుల నడుగుట న్యాయము గాదు.

కావున సభ్యులకు మా మనవి యేమనగా: వచ్చు మహాసభలో తీర్మానమునకు చేయెత్తుటకు ముందు, ఏ పని, ఎంత, ఎవరు, ఎప్పటిలోగా అని అడుగుడు. దానివలన రైతునకు కలుగు లాభ మేమని ఐదవ ప్రశ్నయు వేయుడు. వాటాధనము మనది, అప్పు మనది. అడుగు హక్కును మనదే.