నీరిచ్చు నేల

మూసీనది నుద్ధరింతుమని ప్రభుత్వములు పలుమారులు ప్రతిజ్ఞలు చేసినవి. 2017వ సంవత్సరమున నదీతీరాభివృద్ధికై యొక సంస్థయు నేర్పడినది. బాటలు, వంతెనలు, ఉద్యానములు చిత్రపటములయందు కన్నులపండువుగా నున్నవి. ఒడ్డు బాగుపడుట మంచిదే, మేము కాదనము. కాని యొడ్డు నది కాదు. ఏ నేలపై గురిసిన వాన నదియై వచ్చుచున్నదో యా నేలను మఱచి యొడ్డు నలంకరించుట, వేళ్లకు నీరు పోయక యాకులకు రంగు పూయుట వంటిది.

మూసీ వికారాబాదు చెంత ననంతగిరి కొండలలో పుట్టినది. దానికి తోబుట్టువు ఈసా. 1908 సెప్టెంబరులో మూసీ యుప్పొంగి హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. మఱుసటి యేట నగరమునకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, వరదను నగరమునకెగువనే నిలుపవలెనని సలహా యొసంగిరి. తత్ఫలితముగా 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసాపై హిమాయత్‌సాగరు వెలసినవి. వరద కడ్డుకట్టయు, దప్పికకు నీరును ఒక్క పనితోనే చేకూరినవి. యంత్రముల యవసరము లేక పల్లమునకు పాఱు నీరది. గండిపేట నీరు త్రాగినవాడు ఈ యూరు విడువడని నానుడియే పుట్టినది.

ఈ జలాశయములు చెడకుండుటకై 1996లో ప్రభుత్వము 111వ సంఖ్యగల యుత్తర్వు నొసంగి, చుట్టును 10 కిలోమీటర్ల మేర 84 గ్రామములలో కాలుష్యకరములగు పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించినది. ఏడాది తిరిగిన పిమ్మట నా ప్రభుత్వమే యొక యాముదపు నూనె కర్మాగారమునకు మినహాయింపు నిచ్చినది! ఒక చేత తాళము, వేఱొక చేత తాళపుచెవి. నగర పౌరుల పర్యావరణ సంఘమొకటి యూరకుండక న్యాయస్థానమున పోరాడెను. ఆ మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ధనమును పదవియు లేని పౌరులు సైతము పట్టుదల గలిగిన నేమి సాధింపగలరో యందుకిది తార్కాణము.

అట్లు నిలిచిన కట్టడికి 2022 ఏప్రిలులో గండి పడినది. నీటి స్వచ్ఛతకు భంగము రాగూడదను షరతును మాత్రము చేర్చి, 69వ ఉత్తర్వుతో ప్రభుత్వము 111వ యుత్తర్వులోని నిషేధములను తొలగించినది. కృష్ణా గోదావరీ జలములు వచ్చుచుండగా ఈ పాత చెఱువులతో నేమి పని యని వాదించిరి. ఆ జలములు వందకు మించిన కిలోమీటర్ల దూరమునుండి యంత్రములచే నెక్కింపబడి వచ్చుచున్నవని మఱవరాదు. ఇంటి బావిని పూడ్చి పొరుగూరి బావిని నమ్ముకొనుట వివేకమా? మఱి 2020 అక్టోబరు వరదలో హిమాయత్‌సాగరు తలుపు లెత్తవలసివచ్చిన సంగతి నగరవాసు లెఱుగనిది కాదు. వాన నింకించుకొను నేలపై సిమెంటు పఱచిన, నా నీరంతయు నొక్కమారుగా దిగువకే వచ్చును.

అయినను న్యాయము రెండు వైపులను చూడవలెను. మొయినాబాదు, చేవెళ్ల, శంకరపల్లి ప్రాంతముల రైతు ఇరువదియైదేండ్లకు పైగా నగరము నిమిత్తము తన భూమి విలువను త్యాగము చేసినాడు. ప్రక్క గ్రామమున నెకరము కోట్లకు బోవుచుండ, తన బిడ్డ పెండ్లికి తన పొలము గిట్టుబాటు కాలేదు. ఆ యుత్తర్వు అమలులో నుండగనే భాగ్యవంతుల తోటబంగళాలు లేచుట నాతడు కన్నులార చూచినాడు. నీరు త్రాగిన నగర మాతనికేమి ప్రత్యుపకార మొనర్చినది? ఏమియు లేదు. నిషేధము తొలగిన నాడాతడు సంతోషించెనేని తప్పాతనిది కాదు, మనది.

ప్రజలను కలుపుకొనిన నేమగునో రాజస్థానమందలి ఆళ్వారు జిల్లా చూపినది. అచ్చటి అర్వరీనది యేడాదిలో నధికభాగ మెండియుండెడిది. 1985 మొదలు తరుణ భారత సంఘమువారు, రాజేంద్రసింగుగారు ప్రోత్సహింపగా, గ్రామస్థులు తమ రెక్కల కష్టముతో వందలకొలది మట్టికట్టలను కట్టి వాననీటిని నిలిపిరి. పదియేండ్లకు నది యేడాది పొడవున పాఱజొచ్చినది. అంతట సుమారు 70 గ్రామములవారు నదీ సభ నేర్పఱచుకొని, నీటి నతిగా పీల్చు చెఱకు, వరి పైరుల విషయమున దమకు దామే కట్టడి విధించుకొనిరి. పైనుండి దిగిన యాజ్ఞ పైవారిచేతనే తొలగును. తామై చేసికొనిన కట్టడిని తొలగించుట యెవరికిని సులభము గాదు.

కావున మేము కోరునది మూడు విషయములు. ఈ జలాశయముల పరీవాహక ప్రాంతమునకు ఉత్తర్వు గాక శాసనమే రక్షణ కావలెను. ఆ 84 గ్రామముల ప్రతినిధుల సభకు నేలను గూర్చియు నీటిని గూర్చియు నధికార ముండవలెను. నగరవాసి చెల్లించు నీటి పన్నులో నిర్ణీతభాగ మా గ్రామములకు హక్కుగా చేరవలెను, భిక్షగా గాదు.

పఠనమందిరమున ఈ పత్రికను చదువు సోదరులారా! తమ వార్డు ప్రతినిధి యోటు కొఱకు వచ్చినపుడు ఒడ్డున వేయు దీపములను గూర్చి కాక, ఎగువ నున్న నేలను గూర్చి యడుగుడు. మన కుండలోని నీటికి మూల్యము చేవెళ్ల రైతు చెల్లించినాడు. ఆ ఋణము తీర్చక మూసీ నుద్ధరింతుమనుట వట్టిమాట.